వంతెన బలి అడగదు

వంతెన కడుతున్నారంటే పిల్లల్ని బయటికి పంపకూడదని మన పల్లెల్లో ఒకప్పుడు గట్టి నమ్మకం ఉండేది. స్తంభం నిలవాలంటే గంగమ్మ బలి అడుగుతుందని, కాంట్రాక్టరు మనుషులు గోనెసంచులు పట్టుకుని తిరుగుతుంటారని చెప్పుకునేవారు. ఇది మన ఒక్క ప్రాంతపు మాట కాదు. 2019లో బంగ్లాదేశ్‌లో పద్మా నది మీద కడుతున్న వంతెనకు మనిషి తలలు కావాలట అన్న పుకారు లేచింది. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళన్న అనుమానంతో జనం అమాయకుల్ని కొట్టి చంపారు. చదువుకున్నవాళ్ళం దీన్ని మూఢనమ్మకం అంటాం. అనాల్సిందే.

మరి మనం ఏమంటున్నాం? కట్టే వంతెన మీద యంత్రం కూలి ఇరవైమంది చనిపోయారన్న వార్త చదివి, "ఇంత పెద్ద పనిలో ప్రాణాలు పోవడం మామూలే కదా" అని పేజీ తిప్పుతున్నాం. టీవీలో మాట్లాడే నిపుణుడు ప్రకృతితో పోరాటం అంటాడు. రిటైరైన ఇంజినీరు "ఆ రోజుల్లో అంతేనండీ, ఎవరికి తెలుసు" అంటాడు. కాంట్రాక్టరు "బెల్టు పెట్టుకోమంటే వింటారా వీళ్ళు" అంటాడు. మంత్రిగారు దేశ ప్రగతి కోసం అమరులయ్యారని సంతాపం చెబుతారు. నలుగురూ నాలుగు రకాలుగా చెబుతున్నది ఒక్కటే: గంగమ్మ బలి అడిగింది, ఇచ్చేశాం.

ఈ మాటను నేను ఒప్పుకోను. వంతెనల దగ్గర, రైలు మార్గాల దగ్గర చచ్చిపోయిన కూలీల్లో చాలామందిని నది గానీ కొండ గానీ చంపలేదు. ఎక్కడో ఒక బల్ల దగ్గర కూర్చున్న మనిషి ఒక నిర్ణయం తీసుకున్నాడు. ఆ మనిషి ముందు ఇంకో దారి ఉంది. ఆ దారి ఉందని ఆయనకు తెలుసు కూడా. దీనికి రుజువులు కావాలంటే కొత్తగా వెతకక్కర్లేదు, రైళ్ళ చరిత్ర మొదటి పేజీల్లోనే ఉన్నాయి.

ఇంగ్లండులో మాంచెస్టర్, షెఫీల్డ్ పట్టణాల మధ్య కొండ కింద వుడ్‌హెడ్ సొరంగాన్ని 1839 నుంచి 1845 వరకు తవ్వారు. 32 మంది చనిపోయారు, గాయపడినవాళ్ళు వందల్లో ఉన్నారు. ప్రజారోగ్యం కోసం పోరాడిన ఎడ్విన్ చాడ్విక్ లెక్క వేసి, వాటర్లూ యుద్ధంలో సైనికులకు జరిగిన నష్టం కంటే నిష్పత్తిలో ఇది ఎక్కువని చెప్పాడు. గొడవ పార్లమెంటు దాకా వెళ్ళింది. 1846లో ఒక కమిటీ కూర్చుని సాక్షుల్ని విచారించింది. రాయిని పేల్చడానికి మందు కూరే పద్ధతి గురించి ప్రశ్న వచ్చింది. అప్పటికి పదిహేనేళ్ళ ముందే, 1831లో, విలియం బిక్‌ఫర్డ్ అనే ఆయన సేఫ్టీ ఫ్యూజ్ కనిపెట్టాడు. నెమ్మదిగా, ఒకే వేగంతో కాలుతుంది కాబట్టి ముట్టించినవాడు దూరంగా వెళ్ళడానికి వ్యవధి ఉంటుంది. దాన్ని ఎందుకు వాడలేదని వుడ్‌హెడ్ ఇంజినీరు వెల్లింగ్టన్ పర్డన్‌ను అడిగారు. దానివల్ల పని ఆలస్యమవుతుందని, దాంతో మిగిలే ప్రాణాల కోసం అంత సమయం వృథా చేయమని తాను సలహా ఇవ్వనని ఆయన కమిటీ ముందు చెప్పాడు.

ఆ మనిషిని క్రూరుడని తిట్టి వదిలేస్తే లాభం లేదు. ఆయన దాచుకోకుండా చెప్పాడు, అంతే. తరవాత వచ్చినవాళ్ళు అదే లెక్క వేసుకుని బయటికి మాత్రం "తప్పనిసరి" అన్నారు. ఆ కమిటీ, ప్రమాదాలకు రైల్వే కంపెనీలనే బాధ్యుల్ని చేయాలని సిఫారసు చేసింది. పార్లమెంటు దాన్ని పక్కన పెట్టింది. అంటే 1846 నాటికే విరుగుడు ఉంది, విరుగుడు ఉన్న సంగతి తెలుసు, ప్రమాదానికి కంపెనీనే బాధ్యురాల్ని చేయాలన్న సూచనా ఉంది. మనదేశంలో మొదటి ప్రయాణికుల రైలు బొంబాయి నుంచి ఠాణాకు నడవడానికి ఇంకా ఏడేళ్ళుంది. "ఆ రోజుల్లో ఎవరికి తెలుసు" అనే మాట అప్పటికే చెల్లదు.

నది మధ్యలో స్తంభం లేపే పని సంగతి చూద్దాం. ఇక్కడైతే నిజంగానే శాస్త్రం అప్పటికి ఎదగలేదని చాలామంది నమ్ముతారు. అడుగు లేని పెద్ద పెట్టెను నదిలోకి దింపుతారు. పైనుంచి గాలిని గట్టిగా పంపి, ఆ ఒత్తిడితో నీళ్ళను బయటికి నెడతారు. లోపల కూలీలు నిలబడి అడుగున ఉన్న మట్టిని, రాళ్ళను తవ్వి పైకి పంపుతారు. తవ్వేకొద్దీ పెట్టె కిందికి దిగుతుంది. గట్టినేల తగిలాక దాన్నే కాంక్రీటుతో నింపి పునాది చేస్తారు. ఈ పెట్టెను కెయిసన్ అంటారు. లోతు పెరిగేకొద్దీ గాలి ఒత్తిడి పెంచాలి. ఆ ఒత్తిడికి గాలిలోని నత్రజని మనిషి రక్తంలో, కొవ్వులో కరుగుతుంది. అతను పని ముగించుకుని ఉన్నపళంగా బయటికి వస్తే, సోడాసీసా మూత తీసినట్టు ఒంట్లో బుడగలు లేస్తాయి. కీళ్ళు మెలితిరిగిపోయే నొప్పి, కాళ్ళు చచ్చుబడటం, కొందరికి గంటల్లో మరణం.

అమెరికాలో సెయింట్ లూయిస్ దగ్గర మిసిసిపీ నది మీద జేమ్స్ ఈడ్స్ వంతెన కట్టినప్పుడు, 1870లో, కెయిసన్ తొంభై అడుగులు దాటి దిగింది. కూలీలు బయటికొచ్చి కుప్పకూలడం మొదలైంది. పదిమందికి పైగా చనిపోయారు. నొప్పి రాకుండా కాపాడతాయని చెబితే పాపం వాళ్ళు జింకు, వెండి పట్టీలు కట్టుకుని కిందికి దిగేవారు. ఈడ్స్ నియమించిన డాక్టర్ జామినే ఒకసారి తానే దిగి, మూడు నాలుగు నిమిషాల్లో బయటికి వచ్చి, పక్షవాతం వచ్చినట్టు పడిపోయి చావు తప్పించుకున్నాడు.

ఇదంతా తెలియక జరిగిందా? 1854లోనే పోల్, వాటెల్ అనే ఇద్దరు ఫ్రెంచి డాక్టర్లు గని పనివాళ్ళను పరిశీలించి ప్రచురించారు: లోపల ఉన్నంతసేపూ మనిషికి ఏమీ కాదు, ప్రమాదమంతా బయటికి వచ్చేటప్పుడే, నొప్పి వచ్చినవాణ్ణి మళ్ళీ ఒత్తిడిలోకి తీసుకెళితే నొప్పి తగ్గుతుంది. బుడగల సంగతి శాస్త్రవేత్త పాల్ బెర్ట్ తేల్చింది 1878లో, నిజమే. ఎంత లోతు నుంచి ఎన్ని మెట్లుగా రావాలో మరో శాస్త్రవేత్త హాల్డేన్ పట్టిక వేసింది 1908లో. కారణం పూర్తిగా తెలియకపోయినా, నెమ్మదిగా బయటికి తేవాలన్న జాగ్రత్త, మళ్ళీ లోపలికి పంపాలన్న చికిత్స 1854 నుంచీ కాగితం మీద ఉన్నాయి. అయితే నెమ్మదిగా బయటికి తేవడమంటే కూలీకి పని చేయని గంటకు కూలి ఇవ్వడం. అక్కడే ఆగిపోయింది.

న్యూయార్క్‌లో బ్రూక్లిన్ వంతెన కట్టేటప్పుడు డాక్టర్ ఆండ్రూ స్మిత్ నూటపది దాకా తీవ్రమైన కేసులు చూశాడు. మళ్ళీ ఒత్తిడిలో ఉంచే గదిని ఎలా కట్టాలో ఆయన రాసిపెట్టాడు గానీ ఆ పనిలో దాన్ని కట్టలేదు. 1872 మే నెలలో వరసగా చావులు వచ్చేసరికి కూలీలు నాలుగు గంటల షిఫ్టుకు మూడు డాలర్లివ్వాలని పని ఆపేశారు. అదే నెలలో ఇంకో సంగతి జరిగింది. చీఫ్ ఇంజినీరు వాషింగ్టన్ రోబ్లింగ్ మన్‌హటన్ వైపు కెయిసన్‌ను రాతినేల దాకా దింపాలనుకున్నాడు. ఇంకా దిగితే ఎంతమంది పోతారో ఆయనకు కనిపించింది. అప్పటికే ఆయన ఒళ్ళూ దెబ్బతింది. 78 అడుగుల దగ్గర, గట్టిపడిన ఇసుక మీదే ఆపేయమన్నాడు. ఆ స్తంభం ఇసుక మీదే నిలబడి 1883 నుంచి ఇవాళ్టి దాకా బరువు మోస్తోంది. బలి అడిగే నది ఉంటే ఆ రోజు ఊరుకునేదా? ఒక మనిషి "చాలు" అన్నాడు, చావులు ఆగాయి.

ఇంకా గట్టి రుజువు హడ్సన్ నది కింద సొరంగంలో ఉంది. అక్కడ యాభైమంది లోపు పనిచేస్తుంటే నెలకొకరు చొప్పున చనిపోతున్నారు, అంటే ఏడాదికి నలుగురిలో ఒకరు. 1889లో ఎర్నెస్ట్ మోయిర్ అనే ఇంజినీరు వచ్చి, జబ్బుపడినవాళ్ళను మళ్ళీ ఒత్తిడిలో ఉంచి నెమ్మదిగా తేర్చే ఇనుప గదిని అక్కడ పెట్టించాడు. ఆ తరవాత పదిహేను నెలల్లో, 120 మంది పనిచేస్తే, చనిపోయింది ఇద్దరు. నది మారలేదు, లోతు తగ్గలేదు. ఒక ఇనుప గది వచ్చింది.

డబ్బు సంగతి కూడా తేల్చుకుందాం, ఎందుకంటే రక్షణ అంటే ఖర్చు, అన్నీ చూసుకుంటే వంతెనలే లేవవు అనేవాళ్ళు ఉన్నారు. శాన్ ఫ్రాన్సిస్కోలో గోల్డెన్ గేట్ వంతెన కట్టేనాటికి అమెరికాలో ఒక మోటు లెక్క చలామణీలో ఉండేది: పది లక్షల డాలర్ల పనికి ఒక ప్రాణం. ఈ వంతెన ఖర్చు మూడున్నర కోట్ల డాలర్లు. ఆ లెక్కన ముప్ఫయి అయిదుగురు చనిపోవాలి. చీఫ్ ఇంజినీరు జోసెఫ్ స్ట్రాస్ వంతెన కింద ఈ చివరి నుంచి ఆ చివరి దాకా వల కట్టించాడు. దాని ఖర్చు 1,30,000 డాలర్లు. మొత్తం ఖర్చులో నూటికి అర డాలరు కూడా కాదు. ఆ వలలో పడి పందొమ్మిదిమంది బతికారు. 1937 ఫిబ్రవరి 17న సారువ బల్లకట్టు ఒకటి ఊడి, వలను చింపుకుంటూ పోయి పదిమంది చనిపోయారు. అంతకుముందు పోయిన ఒకరితో కలిపి మొత్తం పదకొండు. ఆ పదకొండు కూడా ఆగి ఉండాల్సినవే. కానీ ముప్ఫయి అయిదు దగ్గర మొదలైన లెక్కను పదకొండుకు తెచ్చింది ఏ దేవుడి దయో కాదు, ఒక వల. అదే ఊళ్ళో అదే కాలంలో వల లేకుండా కట్టిన బే బ్రిడ్జి దగ్గర ఇరవైమందికి పైగా చనిపోయారు. అంతకు యాభై ఏళ్ళ ముందు స్కాట్లండులో ఫోర్త్ వంతెన కింద ఊరికే పడవలు కాపలా పెడితేనే, పడిపోయిన ఎనిమిదిమందిని నీళ్ళలోంచి ఎత్తి బతికించారు. పడవకు ఎంత ఖర్చు?

ఇక మన సంగతి. బొంబాయి నుంచి పూణె వెళ్ళే రైలు ఎక్కే కొండదారి భోర్ ఘాట్. 1856 నుంచి 1863 వరకు దాన్ని తొలిచారు. 1861లో ఒక దశలో 42 వేలమంది అక్కడ పని చేశారు. ఆ కొండల్లో చనిపోయినవాళ్ళు పాతికవేల వరకు ఉంటారని చరిత్రకారుల అంచనా. కొండ అంచు మీదినుంచి తాళ్ళతో వేలాడుతూ రాయికి బెజ్జాలు వేసేవారు. జారి పడినవాళ్ళున్నారు, మందు పేలి పోయినవాళ్ళున్నారు. కానీ ఎక్కువమందిని తీసుకుపోయింది కలరా, జ్వరాలు. ఇక్కడే మనవాళ్ళు టక్కున అంటారు: కలరా దైవికం, దానికెవరేం చేస్తారు?

చేయవచ్చు. ఊళ్ళలో మంచినీళ్ళు, మురుగు కాలవలు చూసుకోవాలని ఇంగ్లండులో 1848లోనే ప్రజారోగ్య చట్టం వచ్చింది. కలరా నీళ్ళ ద్వారా పాకుతుందని జాన్ స్నో లండన్‌లో ఒక పంపు చుట్టూ చావుల్ని గుర్తించి 1854లో చూపించాడు. అప్పట్లో అందరూ ఆయన్ను నమ్మలేదు, నిజమే. కానీ వేలమందిని ఒకచోట పోగేస్తే నీళ్ళు, మరుగు, గుడిసెలు ఏర్పాటు చేయాలన్న ఇంగితం లండన్‌లో ఉన్న రైల్వే కంపెనీ డైరెక్టర్లకు లేదని ఎలా అనగలం? వాళ్ళ సొంత వీధుల్లో ఆ పని జరుగుతోంది. భోర్ ఘాట్ కొండల్లో మాత్రం కూలీలకు చెట్టు నీడే ఇల్లు, వాగు నీళ్ళే తీర్థం. కూలి సరిగ్గా ఇవ్వడం లేదని 1859లో వాళ్ళు తిరగబడ్డారు. ఆ గొడవ చూశాకే ప్రభుత్వం 1860లో కూలి తగాదాలు తేల్చే చట్టం తెచ్చింది. కూలి తగాదాకు ఏడాదిలో చట్టం వచ్చింది, ఎందుకంటే తగాదా వస్తే పని ఆగుతుంది. కలరా వస్తే పని ఆగదు, కొత్త కూలీలు వస్తారు.

ఆ రోజుల్లో దేశమంతా రైలుకట్టల మీద మట్టిపని, రాతిపని చేసిన గుంపుల్లో మన వడ్డెరలు ముఖ్యులు. ఒక లైను అయితే ఇంకో లైనుకు, పెళ్ళాంబిడ్డలతో, గాడిదలతో, గుడారాలతో సాగిపోయేవారు. బ్రిటిష్ ఇంజినీర్లు వాళ్ళ గురించి రాసిన రాతల్లో మెచ్చుకోలు కనిపిస్తుంది. ఆ మెచ్చుకోలుకు మనం ఇప్పటికీ ఒక మాట కలుపుతుంటాం: "వాళ్ళకి అలవాటేనండీ." ఎండకు అలవాటు, రాతిపొడికి అలవాటు, ఎత్తుకు అలవాటు. పాలమూరు నుంచి మేస్త్రీ బయానా ఇచ్చి తోలుకుపోయిన కూలీ గురించీ ఇదే మాట, శ్రీకాకుళం నుంచి పోయినవాడి గురించీ ఇదే మాట. ఎవరి ఊపిరితిత్తులూ రాతిపొడికి అలవాటు పడవు. వందడుగుల ఎత్తు నుంచి పడితే ఏ కులంవాడికైనా ఎముకలు ఒకేలా విరుగుతాయి. వాళ్ళకి అలవాటే అనడం, మనం ఏమీ చేయక్కర్లేదని మనకు మనం ఇచ్చుకునే సెలవు.

అలవాటు, వాతావరణం, జబ్బు అనే సాకులన్నీ ఒక్కచోట పరీక్షకు నిలబడి ఓడిపోయిన చోటు ఒకటి ఉంది. సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) నుంచి బర్మాకు జపాన్ సైన్యం వేసిన రైలుమార్గం. థాయ్‌లాండ్‌లో బాన్ పాంగ్ దగ్గర మొదలై బర్మాలో తాన్‌బ్యుజయత్ దాకా 415 కిలోమీటర్లు, కొండలు, అడవి, వానలు. 1942లో మొదలుపెట్టి 1943 అక్టోబరు 17కు పట్టాలు కలిపారు. అంత దూరం అంత వేగంగా వేయాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది కాబట్టి 1943 వానాకాలమంతా రాత్రీపగలూ పని చేయించారు. దాదాపు 60 వేలమంది మిత్రరాజ్యాల యుద్ధఖైదీలు పని చేశారు, 12 వేలకు పైగా చనిపోయారు. ఆసియా కూలీలు రెండు లక్షలకు అటూఇటూ, వాళ్ళలో చనిపోయినవాళ్ళు 80 వేల నుంచి లక్ష దాకా అని అంచనాలు.

ఈ కూలీల్లో మలయా రబ్బరు తోటల నుంచి తెచ్చినవాళ్ళు ఎందరో. తమిళులు ఎక్కువ, వాళ్ళ మధ్య మన తెలుగువాళ్ళు. విశాఖ, శ్రీకాకుళం, గోదావరి ప్రాంతాల నుంచి కంగాణీల (కూలీలను పోగుచేసే మేస్త్రీల) వెంట సముద్రం దాటి, రబ్బరుపాలు గీస్తూ, కొబ్బరితోటల్లో బతుకుతున్న కుటుంబాలు. యుద్ధంతో రబ్బరు కొనేవాడు లేక తోటలు పస్తులున్నప్పుడు మూడు నెలల పని, మంచి కూలి అని చెప్పి తీసుకెళ్ళారు. అలా వచ్చినవాళ్ళు చాలనప్పుడు తోటల్లో మనుషుల్ని పోగుచేసి లారీలెక్కించారు. కొందరు ఆడవాళ్ళతో, పిల్లలతో పోయారు. ఇష్టపడే వచ్చారు కదా అనేవాళ్ళు ఈ లారీల దగ్గర కాసేపు ఆగాలి.

ఇప్పుడు రెండు గుంపుల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. అదే అడవి, అదే వాన, అదే కలరా, అదే కాపలాదారు. ఖైదీల్లో అయిదుగురిలో ఒకరు చనిపోయారు. కూలీల్లో దగ్గర దగ్గర సగం. తేడా ఎక్కడొచ్చింది? ఖైదీల దగ్గర వాళ్ళ సైన్యపు డాక్టర్లు ఉన్నారు. ఆస్ట్రేలియా సర్జన్ ఎడ్వర్డ్ డన్‌లప్‌లాంటి వాళ్ళు మందుల్లేకపోయినా నీళ్ళు కాచి తాగాల్సిందే అన్నారు, అన్నం తినే గిన్నెను మరిగే నీళ్ళలో ముంచాకే వడ్డించారు, మరుగుదొడ్లు లోతుగా తవ్వించారు. వెదురు గొట్టాలు, పనికిరాని రబ్బరు ట్యూబులతో సెలైన్ తయారుచేసి కలరా రోగుల నరాల్లోకి ఎక్కించారు. కూలీల శిబిరాల్లో చాలాచోట్ల డాక్టరు లేడు, క్రమం చెప్పేవాడు లేడు, చచ్చినవాణ్ణి పూడ్చే ఓపికా మిగలలేదు. ఉష్ణదేశంలో పుట్టి పెరిగినవాళ్ళు, ఎండకూ వానకూ అలవాటైనవాళ్ళు చనిపోయారు. ఆ అడవిని ఎప్పుడూ చూడని తెల్లవాళ్ళు వాళ్ళకంటే ఎక్కువమంది బతికారు. కాచిన నీళ్ళు బతికించాయి. నేనిక్కడ ఖైదీల బాధను తక్కువ చేయడం లేదు, వాళ్ళు పడ్డది నరకం. కానీ నరకంలోనే ఇంత తేడా కాచిన నీళ్ళు తేగలిగితే, శాంతికాలంలో, డబ్బున్న కంపెనీల చేతిలో, ఎంతమంది బతకాలి?

ఆ రైలుమార్గం మీదున్న కాంచనబురి పట్టణంలో ఖైదీల సమాధులు దాదాపు ఏడువేలు, పేరుపేరునా పలకలతో, గడ్డి కత్తిరించి, పూలు వేసి ఉంటాయి. అలా ఉండటం సరైనదే. 1990లో అదే పట్టణంలో వందల శవాలు కలిపి పూడ్చిన గొయ్యి బయటపడింది. ఆసియా కూలీలవేనని భావించే ఎముకలు అవి. 1957లో వచ్చిన సినిమా వల్ల ప్రపంచానికి ఆ మార్గంలోని ఒక వంతెన తెలిసింది, బ్రిటిష్ కల్నల్ పట్టుదల తెలిసింది. మన తోటకూలీ ఆ కథలో లేడు. ఆఫ్రికాలో ఉగాండా రైలుమార్గం కథా ఇంతే. 1896 నుంచి 1901 మధ్య వెళ్ళిన దాదాపు 32 వేల భారతీయ కూలీల్లో 2,493 మంది చనిపోయారు. సావో దగ్గర సింహాలు తిన్నవాళ్ళు వాళ్ళలో 28 మంది. పుస్తకాలు, సినిమాలు సింహాల మీద వచ్చాయి. మిగతావాళ్ళను తిన్న మలేరియాకు, విరేచనాలకు, మానని పుండ్లకు కథ చెప్పినవాళ్ళు అరుదు. సింహమైతే అడవి తప్పు. విరేచనాలైతే నీళ్ళు ఇవ్వాల్సినవాడి తప్పు.

ఇవన్నీ పాత సంగతులు, ఇప్పుడు పరిస్థితి మెరుగైందిగా అని మీరనవచ్చు. మెరుగైంది. మెరుగవడమే నా వాదానికి బలం. తప్పనిసరి చావులైతే తగ్గేవి కావు. తగ్గిన ప్రతిచోటా ఎవరో డబ్బు పెట్టారు, ఎవరో చట్టం చేశారు, కూలీలు ఎప్పుడో పని ఆపారు. తగ్గని చోట అవి జరగలేదు.

2023 ఆగస్టు ఒకటిన మహారాష్ట్రలో శహాపూర్ దగ్గర సమృద్ధి ఎక్స్‌ప్రెస్ రహదారి వంతెన మీద గర్డర్లు మోసే భారీ యంత్రం అర్ధరాత్రి కూలి ఇరవైమంది చనిపోయారు. మూడు వారాలు తిరిగేసరికి, ఆగస్టు 23న, మిజోరంలో బైరబీ–సైరాంగ్ రైలు లైనులో వంద మీటర్ల దాకా ఎత్తున్న స్తంభాల మీద అలాంటిదే మరో యంత్రం కూలింది. ఇరవైమందికి పైగా చనిపోయారు, చాలామంది పశ్చిమ బెంగాల్‌లోని మాల్దా జిల్లావాళ్ళు. 2025 సెప్టెంబరులో ఆ లైను ప్రారంభమైనప్పుడు కుతుబ్ మినార్ కంటే ఎత్తైన స్తంభమని మనం మురిసిపోయాం. మురిసిపోవడం తప్పని నేననను, మిజోరం జనానికి ఆ రైలు కావాలి. మొదటి ప్రమాదానికీ రెండో ప్రమాదానికీ మధ్య ఉన్న ఆ మూడు వారాల గురించే నా ఆవేదన. దేశంలో గర్డర్లెత్తే యంత్రం ఉన్న ప్రతి సైటులోనూ పని ఆపి, దాని కాళ్ళు, బోల్టులు, ఆనుకున్న తీరు ఒకసారి తనిఖీ చేయించడానికి ఆ మూడు వారాలు చాలవా?

బెల్టు పెట్టుకోరు అనే కాంట్రాక్టరుకు ఈ రెండు ప్రమాదాలే జవాబు. మనిషి నిలబడ్డ యంత్రమే కూలుతుంటే, దానికి కట్టుకున్న బెల్టు అతన్ని దాంతోపాటే కిందికి తీసుకుపోతుంది. మామూలు సెంట్రింగ్ పనిలో కూడా బెల్టు కొక్కెం తగిలించడానికి ఒక గట్టి తాడు పొడుగునా కట్టి ఉండాలి. ఆ తాడు కట్టాల్సింది కూలీ కాదు. ఇన్ని మీటర్లకు ఇంత అని లెక్కగట్టి కూలి ఇచ్చే చోట, అడుగడుక్కీ కొక్కెం తీసి పెట్టుకునే మనిషికి సాయంత్రానికి కూలి తగ్గుతుంది. అతన్ని తొందరపెట్టే లెక్క గీసినవాడే అతను తొందరపడ్డాడని నేరం మోపుతున్నాడు.

చట్టం లేదా అంటే ఉంది. భవన నిర్మాణ కార్మికుల చట్టం 1996లో వచ్చింది. నిర్మాణ ఖర్చులో ఒక శాతం సెస్సు వసూలు చేసి కార్మికుల సంక్షేమానికి ఖర్చు పెట్టమంది. వేలకోట్లు వసూలై ఖర్చు కాకుండా పడి ఉంటే సుప్రీంకోర్టు ప్రభుత్వాలను గట్టిగా మందలించాల్సి వచ్చింది. ఆ చట్టం కింద 1998లో వచ్చిన కేంద్ర నియమాల్లో, 500 మంది, అంతకు మించి పనిచేసే చోట యాజమాన్యం, కార్మికులు సమానంగా ఉండే రక్షణ కమిటీ వేయాలని రాశారు. మీ ఊరి ఫ్లైఓవరు కట్టిన ఒడియా, బెంగాలీ, బీహారీ కూలీల్ని ఆ కమిటీలో ఎవరు కూర్చున్నారని అడిగి చూడండి. పెద్ద కంపెనీ కింద చిన్న కంపెనీ, దాని కింద గుంపు మేస్త్రీ, అతని కింద పేరు సరిగ్గా రాయని కూలీ. పైనుంచి కిందికి దిగేకొద్దీ డబ్బు సన్నబడుతుంది, కింది నుంచి పైకి పోయేకొద్దీ బాధ్యత సన్నబడుతుంది.

ఇంతకీ కావలసింది ఏమిటి? క్యూబెక్ వంతెన కథలో ఉంది. కెనడాలో సెయింట్ లారెన్స్ నది మీద ప్రపంచంలోనే అతి పొడుగు కాంటిలీవర్ కట్టాలనుకున్నారు. మధ్య భాగాన్ని 1,600 అడుగుల నుంచి 1,800కు పెంచారు గానీ, పెరిగిన బరువును మళ్ళీ సరిగ్గా లెక్క వేయలేదు. సలహా ఇంజినీరు థియోడర్ కూపర్ అమెరికాలో అప్పట్లో అందరూ గౌరవించే మనిషి. ఆరోగ్యం బాగాలేక న్యూయార్క్ నుంచే పని నడిపించాడు. 1907 ఆగస్టులో కింది కమ్ములు వంగడం మొదలైంది. కార్మికుల కంట పడింది, ఇంజినీర్ల కొలతల్లోనూ పడింది. తయారీ నుంచే వంగి వచ్చాయా, ఇప్పుడు వంగుతున్నాయా అని వారాల తరబడి ఉత్తరాలు నడిచాయి. కుర్ర ఇంజినీరు నార్మన్ మెక్లూర్ స్వయంగా రైలెక్కి న్యూయార్క్ వెళ్ళి కూపర్‌కు చెప్పాడు. ఇంకా బరువు పెంచొద్దని కూపర్ తంతి కొట్టాడు. కానీ అది ఫీనిక్స్‌విల్‌లోని కంపెనీకి కొట్టాడు, వంతెనకు కాదు. ఆగస్టు 29 సాయంత్రం, పని వదిలే వేళకు, వంతెన దక్షిణ భాగమంతా కొన్ని క్షణాల్లో నదిలో పడిపోయింది. పైనున్న 86 మందిలో 75 మంది చనిపోయారు. వాళ్ళలో 33 మంది కానవాగే అనే ఒక్క ఊరి మోహాక్ ఆదివాసులు. ఆ జాతికి ఎత్తంటే భయం లేదని, ఉక్కుపని కోసమే పుట్టారని అప్పుడూ ఇప్పుడూ అంటుంటారు. మన "అలవాటే" లాంటి మాటే. ఆ తరవాత ఆ ఊరి ఆడవాళ్ళు, మగవాళ్ళంతా ఒకే పనికి పోకూడదని పట్టుబట్టారని చెబుతారు. ఆ ఊళ్ళో భయం ఎంతుందో అంతకంటే రుజువేం కావాలి?

విచారణ సంఘం 1908లో తప్పు ఎవరిదో పేర్లతో సహా ప్రకటించింది. ఆ నివేదికను ప్రపంచమంతా ఇంజినీర్లు చదివి నేర్చుకున్నారు. మన దగ్గర ప్రతి ప్రమాదం తరవాతా కమిటీ వేస్తారు, చనిపోయినవాడి కుటుంబానికి చెక్కు ఇస్తారు. ఆ కమిటీ నివేదికను పూర్తిగా, తెలుగులోనూ హిందీలోనూ ఒడియాలోనూ అచ్చువేసి, ఆ కంపెనీ పనిచేసే ప్రతి సైటులోనూ కూలీలు చదువుకునేలా పెట్టాలని చట్టం చేయాలి. కాంట్రాక్టులో రక్షణకు కేటాయించే డబ్బును టెండరు పోటీలోంచి తీసివేసి విడిగా ఉంచాలి, ఎవరు తక్కువకు పాడినా దాన్ని కోసే వీలుండకూడదు. ఆలస్యానికి జరిమానా వేసే షరతు ఉన్న ప్రతి కాంట్రాక్టులో, ప్రమాదం అనిపించి పని ఆపిన రోజులకు జరిమానా లేదని అంతే స్పష్టంగా రాయాలి.

అన్నిటికంటే ముందు, పని ఆపే అధికారం అక్కడ నిలబడ్డ మనిషికి ఉండాలి. క్యూబెక్‌లో వంగుతున్న కమ్మిని చూసినవాళ్ళున్నారు. కొలిచినవాళ్ళున్నారు. రైలెక్కి చెప్పడానికి పోయినవాడున్నాడు. న్యూయార్క్‌లో మాట చెల్లే మనిషి ఒప్పుకున్నాడు కూడా. వంతెన మీద ఉన్న 86 మందిలో ఒక్కడికీ, ఇవాళ్టికి దిగిపోదాం, రేపు కూలి పోదు, ఉద్యోగం పోదు అని చెప్పగల హక్కు మాత్రం లేదు. సైరాంగ్‌లో ఆ రోజు గర్డరు యంత్రం మీదికి ఎక్కినవాళ్ళకూ లేదు.